ఖాళీ కోర్ పక్కనే ఆగిన పని

(కోనసీమలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని దాదాపు అలాగే రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినబడుతోందా? వినబడనివాళ్ళు చెయ్యెత్తండి. సరే, వినబడనివాళ్ళకి ఈ మాట కూడా వినబడదు కదా. (నవ్వులు)

షెడ్యూలింగ్ అంటే ఏ పనిని ప్రాసెసర్ మీదకి ఎప్పుడు ఎక్కించాలో తేల్చడం. మీ సిలబస్‌లో దాని కింద ఏముంటుందో నాకు తెలుసు. ముందొచ్చినవాడికి ముందు అనే ఎఫ్‌సీఎఫ్‌ఎస్, చిన్నపని ముందు అనే ఎస్‌జేఎఫ్, తలా కాసేపు అనే రౌండ్ రాబిన్, ఏది ఎప్పుడు నడిచిందో గీసే ఒక గాంట్ చార్టు, చివర్లో సగటు ఎంతసేపు ఆగాల్సివచ్చిందో లెక్క. నేనూ అవే రాసి పాసయ్యాను. ఆ లెక్కలన్నిట్లో ప్రాసెసర్ ఒక్కటే. మీ జేబులో ఉన్న ఫోన్‌లో మాత్రం చాలామందికి ఎనిమిది కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే ఎనిమిది ప్రాసెసర్లు, ఉంటాయి. ఈ పూట ఆ మిగతా ఏడింటి గురించి మాట్లాడదాం.

ముందు నా పరువు పోయిన కథ ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట బస్సు టికెట్ల సర్వర్ ఒకటి మా టీం చూసేది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మన వైపు బస్సులు ఎలా నిండుతాయో మీకు చెప్పక్కర్లేదు. బుకింగ్ తెరిచిన రాత్రి సైటు నత్తనడక. స్క్రీన్ మీద చూస్తే సర్వర్ సీపీయూ వాడకం పాతిక శాతం కూడా సరిగ్గా దాటలేదు. పదహారు కోర్ల మిషన్ అది. మా మేనేజర్ నా వెనక నుంచుని ఒకటే ప్రశ్న: "ముప్పావు మిషన్ ఖాళీగా ఉందిగా, మరి జనం ఎందుకు ఆగుతున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. తెల్లవారుజామున దొరికింది. దొరికాక ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. ఆ జవాబు మీకు చివర్లో చెప్తాను. ఈలోపు ఆ ప్రశ్నే మన పాఠం: ఒక కోర్ ఖాళీగా ఉండటం, పక్కనే పని ఆగి ఉండటం, ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయి?

ముందు ఒక్క కోర్ సంగతి త్వరగా అయ్యిందనిపిద్దాం. ఇదిగో, నా ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి కలిపాను. ఇందులో నడిచే ఆపరేటింగ్ సిస్టం లైనక్స్. ఊరికే గిరగిరా తిరిగే రెండు లూపులు నడుపుతున్నాను, టాస్క్‌సెట్ అనే కమాండ్‌తో రెండింటినీ ఒకే కోర్‌కి కట్టేశాను. ఎవరు ఎంత సీపీయూ వాడుతున్నారో చూపే టాప్‌లో చూడండి. యాభై, యాభై. ఇప్పుడు రెండోదానికి నైస్ విలువ 5 ఇస్తాను. నైస్ అంటే మర్యాద. ఎంత మర్యాదస్తుడైతే అంత వెనక కూర్చుంటాడు. చూడండి, ఇప్పుడు డెబ్భై ఐదు, ఇరవై ఐదు దగ్గర ఆగింది. ఇది గాలివాటంగా వచ్చిన అంకె కాదు. కెర్నల్‌లో, అంటే లైనక్స్ నడిబొడ్డున ఉండే ప్రోగ్రాంలో, ఒక పట్టిక ఉంది. నైస్ 0కి బరువు 1024, నైస్ 5కి 335. మొత్తం 1359లో 1024 అంటే నాలుగింట మూడు వంతులు. అంతే లెక్క.

వంతు అన్నాను కాబట్టి ఒక మాట. దాళ్వాలో గోదావరికి నీళ్ళు తగ్గితే కాలువలకి వంతులవారీగా వదులుతారు. మీలో రైతుల పిల్లలు ఎంతమంది? చాలామందే. అయితే ఈ ప్రశ్న మీకే. వంతు ఎన్ని రోజులు ఉండాలి? మరీ ఎక్కువ రోజులైతే అవతల కాలువ కింద చేలు బీటలు తీస్తాయి. మరి ఒక్కో రోజే చేస్తే?

(ఒక విద్యార్థి: శివారుకి చేరదండి.)

ఆయ్, అదండీ. (నవ్వులు) ఎండిన కాలువలోకి వదిలిన నీళ్ళు ముందు కాలువనే తడుపుతాయి. ఆ తర్వాత బోదెల్ని తడుపుతాయి. చేలో పడేసరికి వంతు అయిపోతుంది. కోర్ మీద కూడా ఒక ప్రాసెస్‌ని, అంటే నడుస్తున్న ప్రోగ్రాంని, దింపి ఇంకోదాన్ని ఎక్కిస్తే ఇదే జరుగుతుంది. దింపి ఎక్కించడానికి నేరుగా పట్టేది ఒకటో రెండో మైక్రోసెకన్లు. అసలు ఖర్చు అది కాదు, ఎక్కినవాడి డేటా ప్రాసెసర్ దగ్గరికి చేరేదాకా కాలువ తడవడమే. అందుకే వంతు మైక్రోసెకన్లలో పెట్టరు, మిల్లీసెకన్లలో పెడతారు.

ఇక ఎక్కువ కోర్లు ఎందుకొచ్చాయన్నది రెండు ముక్కల్లో చెప్తాను. 2004 దాకా ప్రాసెసర్ గడియారం వేగం ఏటేటా పెరుగుతూ వచ్చింది. తర్వాత వేడి తట్టుకోలేకపోయారు. ఐబీఎం 2001లోనే పవర్4లో రెండు కోర్లు ఒకే చిప్ మీద పెట్టింది. 2005లో ఇంటెల్, ఏఎమ్‌డీ మామూలు డెస్క్‌టాప్‌లకీ అదే దారి పట్టించాయి. ఎద్దు వేగంగా నడవలేకపోతే రెండో జత కట్టారు. జతలు పెంచడం హార్డ్‌వేర్ వాళ్ళ పని. వాటిని తోలడం మన మెడకి చుట్టుకుంది.

తోలడం ఎలా మొదలైందో చూద్దాం. లైనక్స్‌కి ఒకటికి మించి ప్రాసెసర్లు చూసుకునే శక్తి 1996లో 2.0 వెర్షన్‌తో వచ్చింది. 2.4 కాలం దాకా నడవడానికి సిద్ధంగా ఉన్న ప్రాసెస్‌లన్నీ ఒక్కటే క్యూలో ఉండేవి, ఆ క్యూకి ఒక్కటే తాళం. ఏ కోర్‌కి పని కావాలన్నా ఆ తాళం తీసుకుని, జాబితా అంతా తిరగేసి, ఒకదాన్ని పట్టుకుని, తాళం వదలాలి. రెండు కోర్లుంటే పర్వాలేదు. ముప్పై రెండు ఉంటే, పని చేసే సమయం కన్నా పని అడగడానికి నిలబడే సమయం ఎక్కువైపోతుంది. మేస్త్రి ఒక్కడు, హాజరు పుస్తకం ఒక్కటి, కూలీలు వందమంది అనుకోండి. తొమ్మిదింటిదాకా పుస్తకం చుట్టూనే జనం.

2003 డిసెంబరులో 2.6 వచ్చింది. ఇంగో మోల్నార్ రాసిన షెడ్యూలర్ ప్రతి కోర్‌కీ సొంత క్యూ ఇచ్చింది. ఎవరి పుస్తకం వాళ్ళది. తాళం గొడవ చాలావరకు పోయింది. దాని బదులు కొత్త గొడవ వచ్చింది: ఒక పుస్తకంలో పది పేర్లు, పక్క పుస్తకంలో సున్నా. ఎవరు చూడాలి? ఎప్పుడు చూడాలి? చూశాక ఎవర్ని ఎటు పంపాలి?

"ఖాళీగా ఉన్న చోటికి పంపేస్తే పోలా" అని మీకు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది. ఆ అభిప్రాయం మార్చుకోవడానికి మా అమ్మమ్మని గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.

మా అమ్మమ్మది ఆత్రేయపురం. పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది కదా, ఆ ఊరే. రేకు తీయడం దగ్గర్నుంచి ఎంతమంది చూశారు? చూడనివాళ్ళ కోసం చెప్తాను. పొయ్యి మీద నున్నటి కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన పళ్ళెంలో నీళ్ళలా పల్చటి బియ్యప్పిండి. ఒక తెల్లగుడ్డ ఆ పిండిలో ముంచి, రెండు చేతులా పరిచి పట్టుకుని, కుండ వీపు మీదుగా ఒక్కసారి లాగుతారు. గుడ్డ అవతలికి వెళ్ళేసరికి ఇవతల పొర ఆరిపోయి, అంచు లేచి, చేతికి వచ్చేస్తుంది. మీరు రెప్ప వేసి తెరిచేలోపు ఇదంతా అయిపోతుంది.

దీనిలో కిటుకంతా కుండ వేడిలో ఉంది. వేడి తగ్గితే పొర కుండకి అంటుకుని చిరుగుతుంది. ఎక్కువైతే మాడుతుంది. అమ్మమ్మ అరగంట ఆ కుండ ముందు కూర్చున్నాక ఆకు ఎప్పుడు ఎగదోయాలో, ఎక్కడ వేడి తక్కువో చెయ్యికి తెలిసిపోతుంది. చిన్నప్పుడు నేను "ఆ చివర కుండ ఖాళీగా ఉందిగా, అక్కడ కూర్చో" అంటే, "ఆ కుండ దగ్గరికెళ్తే నాలుగు రేకులు తగలేస్తానురా" అనేది.

ఆ నాలుగు రేకులే క్యాష్. (నవ్వులు) డబ్బు క్యాష్ కాదు, ప్రాసెసర్ పక్కన ఉండే చిన్న జ్ఞాపకం. కోర్‌కి అతి దగ్గర ఉన్న ఎల్1 క్యాష్‌లో డేటా ఉంటే నాలుగైదు గడియారపు అడుగుల్లో, అంటే క్లాక్ సైకిళ్ళలో, చేతికి వస్తుంది. అక్కడ లేక బయట ర్యామ్ దాకా వెళ్ళాల్సి వస్తే దాదాపు వంద నానోసెకన్లు పడుతుంది. మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి అది మూడువందల అడుగులు. ఒక ప్రాసెస్ కాసేపు ఒక కోర్ మీద నడిస్తే దాని డేటా ఆ కోర్ క్యాష్‌లో సర్దుకుని ఉంటుంది. దాన్ని తీసి ఖాళీగా ఉన్న కోర్ మీద పడేస్తే అక్కడ కుండ చల్లగా ఉంటుంది.

ఇక్కడ అమ్మమ్మ అంటే ప్రాసెస్, కుండ అంటే కోర్. ఇప్పుడు పెళ్ళిళ్ళ సీజన్ అనుకోండి. ఒక కుండ దగ్గర ఇద్దరు వంతులు వేసుకుంటున్నారు, చివర కుండ ఖాళీ. రెండో ఆవిడ చివరికి వెళ్ళాలా, ఇక్కడే ఆగాలా? తన వంతు ఇంకో క్షణంలో వస్తుందంటే ఆగడమే నయం. గంట పడుతుందంటే నాలుగు రేకులు పోతే పోయాయి, వెళ్ళడమే నయం. కాబట్టి ఆ ఖాళీ కుండ ఎప్పుడూ తెలివితక్కువతనం కాదు. కొన్నిసార్లు కావాలనే ఖాళీగా ఉంచుతారు.

లైనక్స్ ఈ బేరాన్ని ఒక అంకెతో తేలుస్తుంది. మైగ్రేషన్ కాస్ట్ అని ఒక విలువ. మామూలుగా అది ఐదువందల మైక్రోసెకన్లు, అంటే అర మిల్లీసెకను. ఒక ప్రాసెస్ ఈ అర మిల్లీసెకను లోపల ఆ కోర్ మీద నడిచి ఉంటే దాని డేటా ఇంకా వేడిగా ఉందని లెక్క, కోర్ల మధ్య పని సర్దే బ్యాలెన్సర్ దాన్ని కదపడానికి వెనకాడుతుంది. కదపడం మళ్ళీ మళ్ళీ కుదరకపోతే మొహమాటం వదిలేసి వేడిగా ఉన్నా లాగేస్తుంది. ఆ అర మిల్లీసెకను ఏ ప్రాసెసర్‌కైనా, ఏ ప్రోగ్రాంకైనా ఒకటే. సిద్ధాంతం నుంచి పుట్టిన అంకె కాదు, అనుభవం మీద వేసిన ఉజ్జాయింపు. ఇంత పెద్ద కెర్నల్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి, చూసి కంగారు పడకండి. అమ్మమ్మ దగ్గరా థర్మామీటర్ ఉండేది కాదు.

పెద్ద సర్వర్లలో ఇంకో సంగతి ఉంది. కుండ మారడమే కాదు, ఏరు దాటాల్సి వస్తుంది. ప్రాసెసర్ చిప్‌లు రెండో నాలుగో ఉంటాయి, ఒక్కో చిప్ పక్కన దాని ర్యామ్ దానికి ఉంటుంది. అవతలి చిప్ ర్యామ్‌లో ఉన్న డేటా కూడా చదవచ్చు, కాకపోతే ఆలస్యం. దీన్ని న్యూమా అంటారు. సఖినేటిపల్లిలో ఉన్నవాడికి సఖినేటిపల్లి కొట్లో ఉన్న సరుకు వేరు, నరసాపురంలో ఉన్నది వేరు. కళ్ళకి ఎదురుగానే కనిపిస్తుంది, పంటు ఎక్కాలి. ప్రాసెస్‌ని అవతలి ఒడ్డుకి పంపేసి దాని ర్యామ్ ఇవతల వదిలేస్తే, అది బతికినంతకాలం ప్రతి చిన్నదానికీ పంటు ఎక్కి దిగుతూనే ఉంటుంది. అందుకే బ్యాలెన్సర్ ముందు పక్క కోర్లలో వెతుకుతుంది, తర్వాత అదే చిప్‌లో వెతుకుతుంది, అన్నిటికన్నా ఆఖర్న, అరుదుగా, ఏరు దాటి చూస్తుంది. ఈ అంచెల్నే షెడ్యూలింగ్ డొమైన్లు అంటారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. ఈసారి మూడు లూపులు, రెండు కోర్లు. న్యాయం ప్రకారం తలా అరవై ఏడు శాతం రావాలి. కానీ క్యూలు రెండే, మూడో లూపుని సగానికి కోయలేం. చూడండి, ఒకటి వంద, మిగతా రెండూ యాభై. ఇప్పుడు మాట్లాడకుండా కాసేపు చూడండి... అదిగో, వంద ఉన్నది దిగింది, ఇంకోటి ఎక్కింది. బ్యాలెన్సర్ అప్పుడప్పుడూ ఒకదాన్ని అటు నెడుతోంది. ఏ క్షణంలో చూసినా అన్యాయమే కనిపిస్తుంది. కాసేపటి లెక్క తీస్తే దాదాపు న్యాయం. ఎక్కువసార్లు నెడితే క్షణక్షణం న్యాయం చేయొచ్చు, కానీ అప్పుడు ఎవరి కుండా వేడెక్కదు.

ఒక పక్కమాట చెప్పనివ్వండి. షెడ్యూలర్ గురించి వార్త వచ్చినప్పుడల్లా ఒక కొత్త పేరు వస్తుంది. 2007లో సీఎఫ్‌ఎస్ అనే షెడ్యూలర్ వచ్చింది, అదీ మోల్నార్ రాసిందే. దానికి ముందు న్యాయంగా పంచే షెడ్యూలర్ సాధ్యమేనని చేసి చూపించినవాడు కాన్ కొలివాస్, ఆస్ట్రేలియాలో మత్తుమందు ఇచ్చే డాక్టర్. నిజమే, ఆపరేషన్ థియేటర్ డాక్టరే. మోల్నార్ ఆ సంగతి ఒప్పుకున్నాడు కూడా. మన బ్రాంచి కాదని ఎవరినీ తక్కువ అంచనా వేయకండి. 2023లో 6.6 వెర్షన్‌తో ఈఈవీడీఎఫ్ వచ్చింది. దాని మూలం 1990ల మధ్యలో రాసిన పరిశోధన పత్రం. ఇవన్నీ గొప్పవే. కానీ ఇవన్నీ ఒక క్యూలో ఉన్నవాళ్ళలో ఎవర్ని ముందు పిలవాలన్న ప్రశ్నకి జవాబులు. ఏ క్యూలో ఎవరుండాలన్న ప్రశ్న వేరు. ఆ కోడ్‌కి అందమైన పేరు లేదు, దాని మీద వార్తలు రావు. నేను చూసినంతలో అసలు దెబ్బలన్నీ తగిలేది అక్కడే.

ఇప్పుడు ఆ దెబ్బల్లో పెద్దది. 2016లో యూరోసిస్ అనే సదస్సులో ఒక పరిశోధన బృందం ఒక సంగతి బయటపెట్టింది. లైనక్స్ బ్యాలెన్సర్‌లో ఏళ్ళ తరబడి నాలుగు తప్పులు ఉన్నాయి, ఎవరూ చూడలేదు. మిషన్ ఆగిపోదు, ఎర్రర్ రాదు. కోర్లు ఖాళీగా కూర్చుంటాయి, పక్కనే థ్రెడ్లు, అంటే ఒక ప్రోగ్రాంలో విడిగా నడిచే పని ముక్కలు, ఆగి ఉంటాయి, అంతే. నా మేనేజర్ ప్రశ్నే. నాలుగింటిలో ఒకటి విడమర్చి చెప్తాను.

వాళ్ళ మిషన్‌లో అరవై నాలుగు కోర్లు, ఎనిమిదేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఒకరు కెర్నల్ కంపైల్ చేస్తున్నారు, అంటే దాని కోడ్‌ని మిషన్ నడపగల రూపంలోకి మారుస్తున్నారు, అరవై నాలుగు థ్రెడ్లు. వేరే టెర్మినళ్ళ, అంటే కమాండ్లు కొట్టే కిటికీల, నుంచి ఆర్ భాషలో రాసిన లెక్కల ప్రోగ్రాంలు రెండు, ఒక్కో దానికి ఒక్కో థ్రెడ్. టెర్మినల్‌కి ఇంత అని న్యాయం చేయడానికి కెర్నల్ ఒక్కో టెర్మినల్ బరువుని దాని థ్రెడ్ల మధ్య పంచుతుంది. అలా ఆర్ థ్రెడ్ ఒక్కటే బాగా బరువైనది. కంపైల్ థ్రెడ్ ఒక్కోటి దానిలో అరవై నాలుగో వంతు. ఇంతవరకు తప్పేం లేదు.

ఆర్ థ్రెడ్ నడుస్తున్న గుంపులో ఒక కోర్ ఖాళీ అయ్యింది. అది అవతలి గుంపు వైపు చూసి, అక్కడ ఒక్కో కోర్ దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగి ఉన్నారు కాబట్టి ఒకర్ని తెచ్చుకోవాలి. కానీ అది మనుషుల్ని లెక్కపెట్టలేదు. గుంపు మొత్తం బరువు సగటు చూసింది. "మా గుంపు సగటు ఎంత? చాలా ఎక్కువ. అవతలి గుంపు సగటు ఎంత? మా కంటే తక్కువే. అంటే మేమే ఎక్కువ కష్టపడుతున్నాం" అనుకుని మళ్ళీ పడుకుంది. ఆ సగటంతా పక్క కోర్ మీద కూర్చున్న ఒక్క ఆర్ థ్రెడ్ బరువు.

ఇది చదివినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. మాకు అంతర్వేది వైపు శివారులో ఎకరంన్నర ఉండేది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట కట్టించాడు, ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది. అక్కడ గోదావరి నిండుగా ఉంటుంది. నడుమ లాకుల దగ్గరా కొలబద్ద మీద నీళ్ళు బానే ఉంటాయి. పై నుంచి కింది దాకా కూడి భాగిస్తే లోటు కనపడదు. మా బోదెలో కప్పలు కూడా ఉండేవి కాదు. "సగటున మన చేలో మోకాల్లోతు నీళ్ళున్నాయిరా" అని నవ్వేవారు నాన్నగారు, పార భుజాన వేసుకుని.

మరి ఎలా బాగుచేశారు? సగటు బదులు గుంపులో అన్నిటికన్నా తక్కువ బరువున్న కోర్‌ని చూడమన్నారు. కాలువ మొత్తం కాదు, ఎండిన చివర చూడమన్నట్టు. ఆ మార్పుతో కంపైల్ పదమూడు శాతం తొందరగా అయ్యింది. తర్వాత 2020 జనవరిలో వచ్చిన 5.5 వెర్షన్‌లో విన్సెంట్ గిటో అనే కెర్నల్ డెవలపర్ ఈ భాగాన్నే తిరగరాశాడు. ఇప్పుడు బ్యాలెన్సర్ ముందు "ఈ గుంపులో ఖాళీ ఉందా, నిండిందా, పొర్లిపోతోందా" అని అడుగుతుంది. ఖాళీ ఉంటే బరువుల జోలికి పోదు, ఖాళీ కోర్లు ఎన్నని లెక్కపెడుతుంది.

ఆ నాలుగింటిలో ఇంకోటి మరీ చిత్రం. ఒక కోర్‌ని ఆపి మళ్ళీ ఆన్ చేస్తే, ఇందాక చెప్పిన షెడ్యూలింగ్ డొమైన్లు తిరిగి కట్టుకోవాలి. కోడ్ సర్దుతున్నప్పుడు ఎవరి చేతుల్లోనో ఒక ఫంక్షన్ పిలుపు జారిపోయింది. ఏరు దాటి చూసే అంచె మళ్ళీ కట్టుకోలేదు. ఇక ఆ తర్వాత ప్రోగ్రాం ఏ ఒడ్డున పుడితే దాని థ్రెడ్లన్నీ ఆ ఒడ్డునే ఇరుక్కునేవి, మిగతా ఏడు గుంపులూ ఖాళీ. ఒక లెక్కల ప్రోగ్రాం ఇందువల్ల 138 రెట్లు నెమ్మదించింది. ఒక్క లైను.

ఇప్పుడు నా సంగతి. మీలో కొందరు ఇప్పటికే పట్టేసుంటారు. ఆ రాత్రికి మూడు నెలల ముందు నేను ఈ క్యాష్ సంగతులన్నీ కొత్తగా నేర్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. బస్సులు వెతికే ప్రోగ్రాంని టాస్క్‌సెట్‌తో నాలుగు కోర్లకి కట్టేశాను. కుండ మారకూడదు, రేకు చిరగకూడదు అని. టెస్టులో చాలా బాగా వచ్చింది, మెయిల్ పెట్టి మెచ్చుకోళ్ళు కూడా అందుకున్నాను. సంక్రాంతి రాత్రి జనమంతా వెతకడం మీదే పడ్డారు. నాలుగు కోర్ల ముందు బారు, పన్నెండు కోర్లు ఖాళీ. షెడ్యూలర్ వాటిని చూస్తూనే ఉంది, వెళ్ళనివ్వకుండా తాడు కట్టింది నేను. పదహారులో నాలుగు అంటే ఎంత? పాతిక శాతం. స్క్రీన్ మీద కనిపించింది అదే. నేనూ సగటే చూశాను. టాప్ తెరిచి కీబోర్డు మీద 1 నొక్కితే కోర్ల వారీగా విడిపోయి కనిపిస్తుంది. ఆ 1 నొక్కడానికి నాకు తెల్లవారుజాము అయ్యింది.

ఇంక ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సర్, ఇంత గొడవ ఎందుకు, కోర్లు పెంచేస్తే సరిపోదా?)

మంచి ప్రశ్నమ్మా. 1966లో రొనాల్డ్ గ్రాహం అనే గణితవేత్త దీనికి జవాబు రాశాడు. బోర్డు మీద వేస్తాను, రెండు నిమిషాలు. (బోర్డు మీద రాస్తూ) తొమ్మిది పనులు. మొదటిది మూడు గంటలు. రెండు, మూడు, నాలుగు తలా రెండేసి. ఐదు నుంచి ఎనిమిది దాకా తలా నాలుగు. తొమ్మిదోది తొమ్మిది గంటలు. షరతులు రెండే: ఒకటోది అయ్యాకే తొమ్మిదోది. నాలుగోది అయ్యాకే ఐదు నుంచి ఎనిమిది. చెయ్యి ఖాళీ అయినవాడు జాబితాలో ముందున్న, సిద్ధంగా ఉన్న పని తీసుకోవాలి. ముగ్గురు మనుషులుంటే పన్నెండు గంటల్లో అయిపోతుంది. మూడో గంటకి మొదటి పని అవుతుంది, ఆ సమయానికి తొమ్మిదోది తప్ప సిద్ధంగా ఏదీ లేదు కాబట్టి పెద్దపని అప్పుడే మొదలవుతుంది. ఇప్పుడు నాలుగో మనిషిని పెట్టండి. నాలుగో పని మొదట్లోనే పట్టుకుంటాడు, రెండో గంటకే అయిపోతుంది. చిన్నపనులన్నీ ఒక్కసారి సిద్ధం. ఖాళీ అయినవాళ్ళంతా వాటి మీద పడతారు. పెద్దపని ఆరో గంటకి గాని ఎవరి చేతికీ రాదు. ఆరు, తొమ్మిది, పదిహేను. మనిషిని పెంచితే మూడు గంటలు ఎక్కువైంది. నోట్సులో మీరూ వేసి చూడండి, నా మాట నమ్మొద్దు.

అలాగని మరీ భయపడక్కర్లేదు. చేతికందిన పని చేసుకుపోయే ఈ మొద్దు పద్ధతి ఎంత చెడ్డా, అదే సంఖ్య మనుషులతో అతి మంచి ఏర్పాటు కన్నా రెట్టింపు మించి పట్టదని కూడా ఆయనే నిరూపించాడు.

(ఒక లెక్చరర్: ఖాళీ కోర్ కనబడటమే జబ్బు అన్నట్టు చెప్పారు. మరి ఫోన్లలో?)

అక్కడ తిరగబడుతుందండీ. ఫోన్‌లో ఎనిమిది కోర్లూ ఒకలాంటివి కావు. కొన్ని పెద్దవి, వేగంగా పరిగెడతాయి, బ్యాటరీ తాగేస్తాయి. కొన్ని చిన్నవి, నెమ్మదిగా పొదుపుగా చేసుకుపోతాయి. ఆర్మ్ కంపెనీ 2011లో ఈ పద్ధతి ప్రకటించింది. మీరు పాట వింటూ జేబులో పెట్టుకుంటే ఆ పనికి ఒక చిన్న కోర్ చాలు, పెద్దవి నిద్రపోవాలి. ఖాళీగా ఉందని పెద్దదాన్ని లేపితే పాట అదే వేగంతో వస్తుంది, ఛార్జింగ్ మాత్రం సాయంత్రానికి అయిపోతుంది. 2019లో 5.0తో లైనక్స్‌లోకి ఎనర్జీ అవేర్ షెడ్యూలింగ్ వచ్చింది. ఒక పనిని ఏ కోర్ మీద పెడితే ఎంత కరెంటు అవుతుందో ముందే పట్టిక దగ్గర పెట్టుకుని లెక్క కడుతుంది. పనులు మరీ ఎక్కువై మిషన్ నిండిపోతే ఆ లెక్క పక్కన పెట్టి మళ్ళీ మామూలు బ్యాలెన్సింగ్‌కి వచ్చేస్తుంది.

(వెనక నుంచి ఒక విద్యార్థి: సర్, ఆ బస్సుల సర్వర్ ఎలా బాగుచేశారు?)

తాడు విప్పేశాను. ఒక్క కమాండ్. ఐదు నిమిషాల్లో బారు కరిగిపోయింది. మా మేనేజర్ "ఏం చేశావ్?" అన్నారు. "ట్యూన్ చేశానండీ" అన్నాను. (నవ్వులు)